మాటకు ముందే వచ్చిన పాన్

పారిస్ వద్దన్నందుకు మా విదేశాంగ సర్వీసులో నాకు పిచ్చి పట్టిందన్నారు. అననీ. నాతోపాటు చేరినవాళ్ళు లండన్ కోసం, జెనీవా కోసం కాళ్ళరిగేలా తిరుగుతుంటే నేను కరాచీ పంపమని అడిగాను. ఆ తర్వాత ఖాట్మండు, కొలంబో, ఢాకా, మళ్ళీ కరాచీ. నా ఉద్యోగమంతా ఇరుగుపొరుగు దేశాలతోనే గడిచింది. "నీకు మంచి కోటు తొడుక్కునే యోగం లేదయ్యా" అని ఒక పెద్ద ఆఫీసరు విందులో అందరి ముందూ ఎకసెక్కమాడాడు. "పక్కింటివాడితో మాట్లాడటం రానివాళ్ళు కోటు తొడుక్కుని అంత దూరం వెళ్ళి ఏం ఊడబొడుస్తారు సార్" అన్నాను. ఆయన నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. దాంతో నాకేమీ నిద్ర పట్టకుండా పోలేదు.

దౌత్యం ఎక్కడ నేర్చుకున్నారని కుర్ర ఆఫీసర్లు అడిగేవాళ్ళు. చందానగర్‌లో అనేవాణ్ణి. వేళాకోళం అనుకుని నవ్వేవాళ్ళు. ఒక్కడు కూడా అక్కడ ఏం జరిగిందో అడగలేదు. అడగకపోతే పోనీ, నేనే చెబుతాను.

మాది శేరిలింగంపల్లి పక్కన చిన్న ఊరు. ఇప్పుడక్కడ అద్దాల మేడలు లేచాయి గానీ, అప్పుడు బండరాళ్ళు, సీతాఫలం పొదలు, మధ్యమధ్య జొన్న చేలు. నాన్న పచ్చగడ్డి బండి పట్నం తోలేవాడు. పెదనాన్న ఊరికి పటేలు. నేను పట్నంలో చదివాను, అదీ ఉర్దూలో. నిజాం రాజ్యంలో పెద్ద చదువంటే ఉర్దూ చదువే. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, పొట్ట కోసం ఇంగ్లీషు. ఎవరేమన్నా సరే, ఈ మూడింట్లో దేనికీ నేను సిగ్గుపడలేదు.

నలభై ఎనిమిదిలో ఇండియా సైన్యం వచ్చింది. నిజాం పాలన పోయింది. పోయిన పాలన స్థానంలో పని చెయ్యడానికి బయటి నుంచి ఆఫీసర్లు దిగారు. మా వైపుకు వచ్చినాయన కోస్తా జిల్లాల మనిషి. బొంబాయి రోడ్డు పక్కన, చందానగర్ దగ్గర, ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఒక జాగీర్దారు బంగళాలో ఆయన కచేరీ పెట్టారు. పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి గనుక అవి చదివి చెప్పే మనిషి కావలసి వచ్చింది. నేను వెళ్ళాను, తీసుకున్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. ఎవరింటి నుంచీ ఒక సొరకాయ కూడా పుచ్చుకోని మనిషి. కానీ మొదటిరోజే నాకో గీత గీశారు. "ఇదిగో అబ్బాయ్, కాగితాలు నువ్వు చదువు. మనుషులతో నేను మాట్లాడతాను. వాళ్ళదీ తెలుగే, నాదీ తెలుగే. మధ్యలో నువ్వెందుకు?"

నిజమే కదా అనుకున్నాను. నాకూ అప్పటికి తెలియదు.

ఇక టాంగా చాచా సంగతి. చందానగర్‌లో ఉండేవాడు. మా ఊళ్ళవాళ్ళకు లింగంపల్లి స్టేషనుకు వెళ్ళాలన్నా, మూసాపేట వెళ్ళాలన్నా ఆయన టాంగానే. నేను బడికి వెళ్ళే రైలు తప్పిపోతుందని గుర్రాన్ని బతిమాలుతూ పరుగెత్తించిన మనిషి. సైన్యం రాకముందు ఏడాది, తుపాకులు పట్టుకుని ఊళ్ళమీద పడే ముఠాలు తిరిగేవి. తమను ఎక్కించుకుని తోలమని అవి ఆయన మీద పడ్డాయి. గుర్రం పోతే తిండి పోతుంది, ఎదురు తిరిగితే ప్రాణం పోతుంది. ఆయన తోలాడు. కానీ మా ఊరిమీదికి రాబోతున్నారని తెలిసిన పొద్దున, వాళ్ళకంటే ముందే వచ్చి మా అమ్మనూ పెద్దమ్మనూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళనూ మూసాపేటలో చుట్టాలింటికి చేర్చింది కూడా ఆయనే. ఆరోజు మా ఊళ్ళో ఇళ్ళు తగలబడ్డాయి గానీ మనుషులు మిగిలారు.

సైన్యం వచ్చాక ఎవరో వేలు పెట్టి చూపించారు, ఆ ముఠాలను మోసిన టాంగా ఇదేనని. చాచాను పట్టుకొచ్చి బంగళా వెనక గుర్రాల కొట్టంలో పెట్టారు. పట్నం జైలుకు పంపితే ఎప్పుడు తిరిగొస్తాడో, అసలొస్తాడో లేదో చెప్పేవాళ్ళు లేరు. అప్పట్లో అలా వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన భార్య బంగళా గేటు బయట మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చునేది. నేను లోపలికి వెళ్ళేటప్పుడు నా వైపు చూసేది.

పెదనాన్నా, ఊరి పెద్దలూ ఆయన తరఫున చెప్పడానికి వస్తామన్నారు. ఆఫీసరు సంతోషంగా రమ్మన్నారు. "ఊరివాళ్ళే వచ్చి మంచివాడని చెబితే వదిలేస్తాను. నాకేం పగా?" అన్నారు. నేను ఆరోజు తేలిక మనసుతో పనికి వెళ్ళాను.

పెదనాన్న చలువ చేసిన తలరుమాలు చుట్టుకుని వచ్చాడు. ఏది ముందు, ఏది వెనక అని దారి పొడుగునా అందరికీ చెప్పుకుంటూ వచ్చాడట. మా వైపు పెద్దవాళ్ళ దగ్గరికి పోతే, పోయీపోగానే అసలు ముచ్చట ఎత్తరు. మొదట సలాము, తర్వాత ఇంటివాళ్ళ మంచిచెడ్డ, తర్వాత వానలూ పంటలూ. అవతలివాడు తీరికగా వింటున్నాడని తెలిశాకే అసలు సంగతి. పోగానే అడగడం అంటే ఎదుటివాణ్ణి దుకాణంవాడి కింద లెక్కగట్టడం.

"చెప్పండి, దేని గురించి వచ్చారు?" అన్నారు ఆఫీసరు కూర్చోగానే.

"దొర దయ. ఈయేడు వానలు మంచిగ పడ్డయ్. జొన్న కంకి పట్టింది" అన్నాడు పెదనాన్న.

ఆఫీసరు ఒకసారి గడియారం చూశారు. ఈ ప్రాంతంవాళ్ళకు పాన్ అంటే ప్రాణమని ఎవరో ఆయనకు చెప్పారట. వచ్చిన పెద్దమనుషులకు మర్యాద చెయ్యాలని పొద్దున్నే బంట్రోతును పంపి కిళ్ళీలు కట్టించారు. పెదనాన్న జొన్నల దగ్గర్నుంచి పెసల దగ్గరికి వస్తుండగా బంట్రోతు వెండి పళ్ళెంలో పాన్‌లు పెట్టుకుని తెచ్చాడు.

మూలన బల్ల దగ్గర కూర్చున్న నేను సగం లేచాను. నోరు తెరవబోయాను. ఆఫీసరు నా ముందున్న కాగితాల వైపు వేలు చూపించారు. నీ పని చూసుకో అని.

మా వైపు దేవిడీలలో, అంటే జాగీర్దార్ల కొలువుల్లో, పాన్ పళ్ళెం వచ్చిందంటే భేటీ ముగిసిందని అర్థం. ఇక లేవండి అని నోటితో ఏ దొరా అనడు. పాన్ వస్తుంది. అది అందుకుని, సలాము చేసి, వీపు చూపకుండా వెనక్కి నడుచుకుంటూ బయటికి రావాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మా పెద్దలు నడుచుకున్న పద్ధతి అది. పెదనాన్న మాట మధ్యలోనే ఆగిపోయాడు. ముఖం నల్లబడింది. లేచాడు. మిగతావాళ్ళూ లేచారు. తలా ఒక పాన్ చేతిలోకి తీసుకుని, వంగి సలాము చేసి, వెనక్కి వెనక్కి నడిచి గడప దాటారు.

ఆఫీసరు పళ్ళెం వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూశారు. "ఇదేమిటయ్యా! వానలు పడ్డాయని చెప్పడానికా వచ్చారు? వాడి గురించి ఒక్క మంచి ముక్క రాలేదే వీళ్ళ నోట!"

కాసేపు అటూ ఇటూ తిరిగారు. తర్వాత ఆయన ముఖం గట్టిపడింది. వాడి కోసం వచ్చినవాళ్ళే మాట చెప్పలేక లేచిపోయారంటే నేరం నిజమేనన్నమాట అన్నారు. ఇంగ్లీషులో ఉత్తర్వు రాసి సంతకం పెట్టి నా బల్ల మీద పడేశారు. "పట్నం జైల్లో గుమాస్తాలింకా ఉర్దూవాళ్ళే. దీనికి ఉర్దూ నకలు రాయి. సాయంత్రం ట్రక్కులో మనిషిని పంపాలి."

"వాళ్ళు లేచిపోలేదు సార్. మీరు పొమ్మన్నారు" అన్నాను.

"నేనా? ఇంటికొచ్చిన పెద్దమనుషులని పాన్ పెట్టి గౌరవించాను!"

పద్ధతి ఏమిటో చెప్పాను. ఆయన వినలేదని అనను, విన్నారు. వినడం వల్లే ఇంకా మండింది. మంచి చెయ్యబోయి తప్పు చేశావని చెబితే ఏ మనిషికైనా మండుతుంది.

"మా ఊళ్ళో వచ్చినవాడి ముందు ఆకూవక్కా పెట్టకపోతే తప్పు, తెలుసా?"

"మీ ఊళ్ళో నిజమే సార్. ఇది మా ఊరు."

"నాకు తెలుగువాళ్ళ మర్యాద నేర్పుతావా నువ్వు? ముందు నకలు రాయి."

కలం మూత పెట్టేశాను. "రాయను."

బంట్రోతు పళ్ళెం పట్టుకుని గోడకు అతుక్కుపోయాడు. ఆఫీసరు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "నువ్వూ ఉర్దూ చదువు చదివినవాడివే. ఆ టాంగావాడు నీకు బాగా కావలసినవాడని కూడా విన్నాను. నీ మీద కూడా ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే ఏమవుతుందో ఆలోచించుకో."

"ఆలోచించాను సార్. నన్ను కూడా ఆ కొట్టంలోనే పెట్టండి. రాయను గాక రాయను."

తర్వాత ఎన్ని దేశాల్లో ఎంతమంది పెద్దల ముందు మాట్లాడినా, ఆరోజు అన్న ఆ మాట మీద నాకున్న గర్వం మరి దేనిమీదా లేదు.

"అయితే ఫో" అన్నారాయన. పోయాను. కానీ ఇంటికి కాదు.

పెద్దలు చందానగర్ పిండి గిర్నీ దగ్గర నీడలో కూలబడి ఉన్నారు. నన్ను చూడగానే పెదనాన్న విరుచుకుపడ్డాడు.

"ఏందిరా, గిందుకేనా మమ్మల్ని పిలిపిచ్చింది? నవాబు గూడ గిట్ల చెయ్యలే మమ్మల్ని! మాట ఇన్నంకనే పాన్ ఇస్తుండె. గీయన పెసలకు గూడ రాన్యలే!"

"ఆయనకు తెల్వదు పెద్దనాయినా. పొమ్మనలే. మర్యాద చేసిండు."

"తెల్వకుంటెట్ల? మనలెక్కనే తెలుగు మాట్లాడ్తడు గద! ఇంగ్లీషోడైతె పాపం తెల్వదనుకుందు."

ఈ మాట తర్వాత నేను కరాచీలో విన్నాను, ఢాకాలో విన్నాను, మా ఢిల్లీ ఆఫీసులో అయితే రోజూ విన్నాను. పరాయివాడు తప్పు చేస్తే తెలియక చేశాడంటాం. మన భాష మాట్లాడేవాడు అదే తప్పు చేస్తే కావాలనే చేశాడంటాం. పొరుగు దేశాల పని చిన్న పని అనే మహానుభావులకు ఈ ఒక్క సంగతి ఎక్కించలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

"మళ్ళ ఒకసారి పోదాం" అన్నాను.

"పిలిస్తె వస్త. పిలువకుంట పోతె ఇజ్జత్ ఉంటదా?"

ఆఫీసరు పిలవరు. అది నాకు తెలుసు. సర్కారు పంపించిన మనిషి, మళ్ళీ రండి అని పటేలుకు కబురు పెడితే తన మొదటి ఉత్తర్వు తప్పని ఒప్పుకున్నట్టే. ఈయన పిలవకపోతే పోడు, ఆయన పిలవడు. మధ్యలో ట్రక్కు సాయంత్రానికి సిద్ధంగా ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు పెదనాన్న గుప్పిట్లో నలుగుతున్న పాన్ కనబడింది.

"తిన్లేదా?"

"యాడ తింట? గొంతుల దిగుతదా గది?"

"ఎవ్వరూ తిన్లే?" అందరూ చేతులు విప్పి చూపించారు. "అయితే ముచ్చట ఇంక ఐపోలేదు పెద్దనాయినా. పాన్ నోట్ల పడ్డంకనే గద ఐపోయినట్టు. మీరు నడుమల జర బయటికి వచ్చిండ్రు, గంతే. మళ్ళ పిలుసుడెందుకు?"

అలాంటి సూత్రం ఏ దేవిడీలోనూ లేదు. అప్పటికప్పుడు నేను కల్పించింది. పెదనాన్నకు అది తెలుసు. నా ముఖంలోకి చూసి మీసం కింద నవ్వాడు. "నీ పాడుగాను, లాయరుతోటి పెట్టుకున్నట్టాయె. లేవుండ్రి" అన్నాడు మిగతావాళ్ళతో.

మేం వెళ్ళేసరికి ట్రక్కు గేటు దగ్గరికి తెచ్చి పెట్టారు. చాచాను కొట్టంలోంచి బయటికి తెస్తున్నారు. ఆయన భార్య లేచి నిలబడింది. ఆఫీసరు మెట్ల మీద ఉన్నారు. పెదనాన్న నేరుగా ఆయన ముందుకు వెళ్ళి అరచెయ్యి చాచాడు. అందులో నలిగిన పాన్.

"దొరా, మాట గాకముందే తింటె మాకు అరగది. జర పట్టుండ్రి. ముచ్చట ఐనంక ఇయ్యుండ్రి, అప్పుడు తింటం."

ఆఫీసరు నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది. బంట్రోతును పిలిచి పళ్ళెం తెప్పించి, అతని చేతిలోంచి తీసుకుని తానే పట్టుకున్నారు. పెద్దలందరూ ఒక్కొక్కరే పాన్ దాంట్లో తిరిగి పెట్టారు. అందరం లోపలికి వెళ్ళాం. పెదనాన్న కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ఈయేడు వానలు మంచిగ పడ్డయ్" అన్నాడు.

మళ్ళీ మొదటి నుంచీ! నాకు తల బాదుకోవాలనిపించింది. ఆఫీసరు దవడ బిగించి కూర్చున్నారు. గడియారం మాత్రం చూడలేదు. జొన్నలు అయ్యాయి, పెసలు అయ్యాయి, ఎడ్ల జబ్బులు అయ్యాయి. అప్పుడు పెదనాన్న చాచా సంగతి ఎత్తాడు. మొత్తం చెప్పాడు. తన భార్యనూ, మరదలినీ ఎవరు కాపాడారో చెబుతున్నప్పుడు ఆయన తలరుమాలు కొస లాగి కళ్ళకు అద్దుకున్నాడు. అంత పెద్ద పటేలు నలుగురిలో కళ్ళు తుడుచుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

పెదనాన్న పూచీగా ఇచ్చిన జమానత్ మీద చాచాను ఆ సాయంత్రమే వదిలేశారు. ఆఫీసరు నన్ను పక్కకు పిలిచారు. "నువ్వు చెప్పింది నిజమే. మనిషిని వదిలాను. కానీ చెప్పిన పని చెయ్యనన్న గుమాస్తాని ఉంచుకుంటే రేపు ఈ కచేరీ నడవదు. రేపట్నుంచి రాకు." సరేనన్నాను. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో. కానీ ఆయన స్థానంలో లేను కాబట్టి చేసినదానికి చింతించలేదు. కొన్నాళ్ళకు సర్వీసు ఇంటర్వ్యూలో, మొదటి ఉద్యోగం ఎందుకు పోయిందని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. మళ్ళీ అలాంటి ఉత్తర్వు వస్తే ఏం చేస్తావన్నారు. మళ్ళీ రాయనన్నాను. అయినా తీసుకున్నారు, అది వాళ్ళ ఖర్మ.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. అవలేదు.

చాచా మర్నాటి నుంచే టాంగా కట్టాడు. చందానగర్‌లో ఎప్పుడూ నిలబెట్టే చోటే నిలబెట్టాడు. అందరూ పలకరించారు. గుర్రం బాగుందా అన్నారు. ఎవ్వరూ ఎక్కలేదు. ఆయన కోసం సాక్ష్యం చెప్పిన పెద్దలే లింగంపల్లి స్టేషనుకు ఎండలో నడిచి పోయారు. నాకు ఒళ్ళు మండి పెదనాన్నను నిలదీశాను.

"జమానత్ ఇస్తిమి గద బిడ్డా, ఇగ ఎక్కుడు గూడనా? మిలిట్రీ సూస్తుంటది. జర కొన్ని దినాలు పోనీ" అన్నాడు. ఆయన కూడా భయపడ్డాడు. అదీ నిజం.

చాచా దగ్గరికి వెళ్ళాను. గుర్రం మెడ నిమురుతూ నా వైపు చూడకుండానే అన్నాడు. "బేటా, జైల్ల ఉంటె ఒక్కడ్నే ఉంటుంటి, గది సరే. గిప్పుడు అందరి నడుమ ఒక్కడ్నే ఉన్న. గుర్రం అమ్మేస్త. మా బావమర్ది కరాచీ పోతున్నడు, ఆని ఎంబడి పోత."

తల దించుకుని ఇంటికి వచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. చేట ఆపింది.

"గంత పెద్ద దొరతోటి కొట్లాడి నౌకరి పోగొట్టుకుంటివి. మరి టాంగల ఎందుకెక్కకపోతివి?"

"నేనొక్కణ్ణి ఎక్కితే ఏమైతదమ్మా?"

"ఏమైతదో సూద్దాం పా." చేట పక్కన పెట్టి, కాళ్ళు చేతులు కడుక్కుని, పండగలకు కట్టే ఎర్రంచు చీర కట్టుకుంది. గడప దగ్గర పెదనాన్న ఎదురయ్యాడు. మూసాపేట పోతున్నామని నేను చెప్పాను. ఎందులో అని ఆయన అడగలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదనుకుంటాను.

ఆరోజు చందానగర్‌లో వారపు అంగడి. అమ్మను చూడగానే చాచా గబగబా టాంగా సీటు కింది నుంచి పరదా గుడ్డ తీసి కట్టబోయాడు. పటేలు ఇంటి ఆడవాళ్ళు టాంగా ఎక్కితే చుట్టూ పరదా ఉండాల్సిందే. అది పెదనాన్న పెట్టిన కట్టడి, ఎన్నడూ తప్పింది లేదు.

"పరదా వద్దు, తీసెయ్" అంది అమ్మ.

"పటేల్ సాబ్ కోపం చేస్తడమ్మా."

"చెయ్యనీ. పరదా కడ్తె లోపల ఎవలు కూసున్నరో ఎట్ల తెలుస్తది అన్నా? తీసెయ్. తీసి అంగడి నడుమకెళ్ళి తోలు. మెల్లగ తోలు."

చాచా పరదా మడిచి పక్కన పెట్టాడు. అమ్మ వెనక సీట్లో అందరికీ కనబడేలా కూర్చుంది, నేను ముందు చాచా పక్కన. టాంగా జనం మధ్యలోంచి నడిచింది. బేరాలు ఆగాయి. పటేలు మరదలు, ముసుగు లేకుండా, ఆ టాంగాలో! అమ్మ తల దించలేదు. కనబడినవాళ్ళందరినీ వరసలు కలిపి పలకరించింది. "ఏమొదినా, కోడలు నీళ్ళాడిందా? ఏం బావా, ముఖం అటు తిప్పుకుంటివి, నేను కనిపిస్తలేనా?" ముఖం తిప్పుకున్నాయన సిగ్గుతో చచ్చినంత పనై ఇటు తిరిగి దండం పెట్టాడు.

అంగడి చివర్న ఉప్పు మూట చంకన పెట్టుకున్న ఒక ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టి టాంగా ఆపింది. "నన్ను గూడ ఎక్కిచ్చుకోరాదుండ్రి అయ్యా, కాళ్ళు గుంజుతున్నయ్" అంది. చాచా కిందికి దూకి ఆమెను ఎత్తి అమ్మ పక్కన కూర్చోబెట్టాడు. తిరిగి వచ్చి తన చోట కూర్చున్నాడు గానీ, చాలాసేపటిదాకా పగ్గాలు చేతిలోకి తీసుకోలేకపోయాడు.